సర్క్యూట్ పనిచేయనప్పుడు: ఎలక్ట్రానిక్స్ అభిరుచి చరిత్రలో తప్పు వెతుక్కోవడం

ఎలక్ట్రానిక్స్ చరిత్రను సాధారణంగా కొత్త వస్తువుల వరుసగా చెబుతారు. ముందు వాల్వు, తర్వాత ట్రాన్సిస్టర్, ఐ.సి., మైక్రోప్రాసెసర్. ఈ పాఠ్యభాగంలో అదే కాలాన్ని మరో వైపు నుంచి పరిశీలిద్దాం. ఇంట్లో బల్ల మీద సర్క్యూట్ కట్టుకున్నవారు అది పనిచేయకపోతే ఏం చేసేవారు? ఎవరిని అడిగేవారు? ఒక తప్పుకు ఎంత ఖరీదు చెల్లించేవారు? దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. ప్రయోగశాల తరగతులు ఏడాదిలో కొద్ది రోజులే. మిగిలిన రోజుల్లో ఎల్.ఇ.డి. వెలగకపోతే ఎందుకు వెలగలేదో చెప్పేవారు పక్కన ఉండరు.

రాయి, తీగ, రొట్టె పలక

1920లలో రేడియో ప్రసారాలు మొదలైన కొత్తలో అమెరికా, బ్రిటన్‌లలో ఎంతోమంది సొంతంగా క్రిస్టల్ సెట్లు తయారుచేసుకున్నారు. గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క, దాని మీద ఆనే సన్నని తీగ మొన, ఒక కాయిల్, ఏరియల్, హెడ్‌ఫోన్ ఉంటే చాలు, బ్యాటరీ కూడా అక్కరలేదు. గెలీనాను ఇలా డిటెక్టర్‌గా వాడవచ్చని అమెరికాలో పేటెంటు పొందినవారు మన జగదీశ్ చంద్ర బోస్. ఆయన 1901లో దరఖాస్తు చేశారు, 1904లో పేటెంటు వచ్చింది.

సెట్టు పలకకపోతే తీగ మొనను రాయి మీద కొద్దికొద్దిగా జరుపుతూ వినాలి. ఒకచోట మాట వినిపిస్తుంది, పక్కనే మరోచోట వినిపించదు. ఎందుకని అడిగితే జవాబు చెప్పగలిగే సిద్ధాంతం అప్పటికి లేదు. అర్ధవాహకాల సిద్ధాంతం రూపుదిద్దుకున్నది 1930లలో. అంటే తొలి అభిరుచిపరులు కారణం తెలియకుండానే, కేవలం ఓపికతో తప్పు సరిచేసుకున్నారు. భాగాలను వంటింట్లో రొట్టె కోసే పలక మీద స్క్రూలతో బిగించేవారు. మీ కిట్‌లోని తెల్లని ప్లాస్టిక్ పలకను ఇప్పటికీ బ్రెడ్‌బోర్డు అంటున్నది అందుకే.

స్నేహితుణ్ణి పిలవండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిపోయిన విడిభాగాలు అమెరికాలో చౌకగా అమ్మకానికి వచ్చాయి. మిచిగన్ రాష్ట్రం బెంటన్ హార్బర్‌లోని హీత్ కంపెనీ 1947లో వాటితో ఒక ఆసిలోస్కోప్ కిట్ తయారుచేసి 50 డాలర్లకు అమ్మింది. తర్వాతి దశాబ్దాల్లో హీత్‌కిట్ పేరుతో రేడియోలు, మీటర్లు, చివరికి కలర్ టీవీలు కూడా కిట్లుగా వచ్చాయి.

ఈ కిట్లలో చరిత్రకారులు ముందుగా చూడవలసింది వాటితో వచ్చిన పుస్తకాన్ని. అందులో ప్రతి చిన్న పనికీ ఒక వాక్యం, పక్కన ఒక ఖాళీ గడి ఉండేవి. ఆ తీగ అతికాక గడిలో టిక్కు పెట్టుకోవాలి. చివర, పరికరం పనిచేయకపోతే ఏం చేయాలో చెప్పే భాగం ఉండేది. ప్రతి తీగనూ మళ్లీ చూస్తూ, చూసినదాన్ని బొమ్మ మీద రంగు పెన్సిల్‌తో గీయమన్నది ఒక సలహా. స్నేహితుణ్ణి పిలిచి చూపించమన్నది మరొకటి. ఆ స్నేహితుడికి పరికరం గురించి తెలియకపోయినా ఫరవాలేదని, కట్టినవారు పదేపదే దాటిపోయే తప్పు అతని కంట పడవచ్చని అందులో ఉంది. మనం కట్టినదాన్ని మనమే చూసుకున్నప్పుడు, కట్టాలనుకున్నదే కనిపిస్తుంది. అచ్చు ప్రూఫు దిద్దినవారికి ఈ సంగతి బాగా తెలుసు.

రిపేరుకు తిరిగివచ్చే కిట్లలో చాలావాటికి కారణం సరిగా లేని సోల్డర్ అతుకులేనని కూడా కంపెనీ ఆ పుస్తకాల్లోనే రాసింది. మన టీవీ మెకానిక్‌లు డ్రై సోల్డర్ అనే లోపం ఇదే. పైకి అతుకు ఉన్నట్టే ఉంటుంది, లోపల లోహం లోహాన్ని పట్టుకోదు. అంటే, సిద్ధాంతం తెలియని వారి కంటే చెయ్యి కుదరని వారే ఎక్కువ. తప్పు వెతకడాన్ని ఒక పద్ధతిగా మార్చి, ఇంజనీరు కాని మనిషి చేతిలో పెట్టినది ఈ పుస్తకాలే అని ఈ పాఠ్యరచయిత అభిప్రాయం.

మన దగ్గర

హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్ ఏర్పడింది. 1969లో ఢిల్లీ నుంచి ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పత్రిక మొదలై, ఇంట్లో కట్టుకోగల సర్క్యూట్లను అచ్చువేసింది. రేడియో అభిరుచిపరులకు శిక్షణనిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో హైదరాబాదులోనే పుట్టింది. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. అయితే జిల్లాల్లో ఉన్నవారికి కాలిపోయిన ట్రాన్సిస్టర్ ధర రూపాయల్లో మాత్రమే ఉండదు, దానికి బస్సు చార్జీ, ఒక రోజు కూడా కలుస్తాయి. అలాంటిచోట ప్రయోగం చేసి నేర్చుకోమని చెప్పడం తేలిక, చేయడం కష్టం.

కిటికీ ఉన్న చిప్పు

మైక్రోకంట్రోలర్ వచ్చాక తప్పుకు రెండో చిరునామా ఏర్పడింది. లోపం తీగల్లో ఉండవచ్చు, ప్రోగ్రాములోనూ ఉండవచ్చు. ఇంటెల్ 1980లో 8051 కుటుంబాన్ని విడుదల చేసింది. అందులో 8751 అనే రకానికి పైన క్వార్ట్జ్ గాజు కిటికీ ఉంటుంది. ప్రోగ్రాములో ఒక్క పంక్తి తప్పయినా చిప్పును ఊడదీసి, ఆ కిటికీ గుండా అతినీలలోహిత కాంతిని ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా పడనిచ్చి, పాతది చెరిగాక మళ్లీ రాయాలి. అందుకు చెరిపే దీపం ఒకటి, రాసే యంత్రం ఒకటి కావాలి. ఇవి కళాశాలల్లో, కంపెనీల్లో ఉండేవి. ఇంట్లో నేర్చుకునేవారు కాగితం మీద పదిసార్లు సరిచూసుకున్నాకే చిప్పు జోలికి వెళ్లేవారు.

1993లో మైక్రోచిప్ కంపెనీ పీఐసీ16సీ84ను తెచ్చింది. ఇందులోని ప్రోగ్రామును విద్యుత్తుతోనే కొన్ని క్షణాల్లో చెరిపి రాయవచ్చు. వేగంలోనూ జ్ఞాపకశక్తిలోనూ అది గొప్ప చిప్పేమీ కాదు. కానీ ఒకే సాయంత్రం ముప్పై సార్లు తప్పు చేసే వీలు ఇచ్చింది. అభిరుచిపరులు దాన్ని అంతగా ఆదరించడానికి ఇదే ముఖ్యకారణం.

ఈ దారిలోనే 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, డిజైన్ విద్యార్థుల కోసం ఆర్డునో పుట్టింది. మస్సిమో బాంజీ బృందం పేరు అందరూ చెబుతారు. అదే సంస్థలో విద్యార్థిగా ఉన్న కొలంబియా దేశస్థుడు ఎర్నాండో బర్రగాన్ అంతకు ముందే వైరింగ్ అనే పేరుతో రూపొందించిన పనిమీదే ఇది చాలావరకు నిలిచిందన్న సంగతి చాలా కథనాల్లో కనిపించదు. చరిత్ర విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి.

మారని ప్రశ్నలు

చిప్పులు మారినా కొత్తవారి ప్రశ్నలు పెద్దగా మారలేదు. రెసిస్టర్ లేకుండా పెట్టిన ఎల్.ఇ.డి. ఎందుకు పాడైంది? జవాబు 1827లో ఓమ్ ప్రచురించిన సూత్రంలోనే ఉంది. బోర్డు 5 వోల్టులు ఇస్తుంది, ఎర్ర ఎల్.ఇ.డి. సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులను 220 ఓముల రెసిస్టర్ భరిస్తే కరెంటు 14 మిల్లీఆంపియర్లకు మించదు. బటన్ నొక్కకుండానే నొక్కినట్టు బోర్డు ఎందుకు అనుకుంటోంది? బటన్ తెరిచి ఉన్నప్పుడు ఆ పిన్ను దేనికీ కట్టుబడి ఉండదు. దానికి తగిలించిన తీగ ఇంటి కరెంటు అలజడిని పట్టుకుంటుంది. క్రిస్టల్ సెట్టువారు కోరి పెట్టుకున్న ఏరియల్ ఇక్కడ అనుకోకుండా తయారైంది. పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలోఓముల రెసిస్టర్ పెడితే చాలు. మోటారుకు వేరే బ్యాటరీ ఇస్తే సంకేతం ఎందుకు అందదు? రెండు బ్యాటరీల మైనస్‌లను కలపలేదు కాబట్టి. వోల్టేజి ఎప్పుడూ రెండు బిందువుల మధ్య తేడాయే.

మారినది వెతికే తీరు. తప్పు చౌక అయ్యాక చాలామంది ఒకేసారి తీగ మార్చి, పిన్ను మార్చి, ప్రోగ్రామూ మార్చి చూస్తారు. ఒకవేళ ఎల్.ఇ.డి. వెలిగినా ఏ మార్పు వల్ల వెలిగిందో తెలియదు. కిటికీ చిప్పు కాలంలో ఈ తొందర సాధ్యం కాదు. అయితే ఆ కాలం మంచిదని దీని అర్థం కాదు. అప్పుడు చాలామందికి బల్ల దగ్గరకు వచ్చే అవకాశమే లేదు.

అభ్యాసం

మీ బోర్డు మీద 13వ పిన్నుకు అతికించి ఉన్న చిన్న ఎల్.ఇ.డి.ని వెలిగించి ఆర్పే ప్రోగ్రామును నడపండి. అది పనిచేసి, బ్రెడ్‌బోర్డు మీద అదే పిన్నుకు మీరు పెట్టిన ఎల్.ఇ.డి. పనిచేయకపోతే, లోపం ఎక్కడ లేదని చెప్పగలరు? ఒక్కోసారి ఒక్క మార్పే చేస్తూ, చూసిన ప్రతి తీగకూ కాగితం మీద టిక్కు పెట్టండి. తర్వాత ఎలక్ట్రానిక్స్ తెలియని ఇంటివారిని ఎవరినైనా పిలిచి, బొమ్మనూ బోర్డునూ పోల్చి చూడమనండి. వారికి ఏం కనిపించిందో మీ రికార్డు పుస్తకంలో రాయండి.