రొయ్యల వల – సముద్ర కూర్మము



మన కొడిమ్యాల ప్రాంతమున వల యనిన చెఱువే జ్ఞప్తికి వచ్చును. సముద్రమును జూచినవారు మనలో కొందఱే. అయినను ధర్మపురి కడ మనము మునుగు గోదావరియే అంతర్వేది యొద్ద సాగరమును జేరుచున్నది. ఆ తీరమున మన వృత్తిసోదరులకు గలిగిన యొక చిక్కును, దాని పరిహార చరిత్రమును మనమును ఎఱుంగదగును.

ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేలు శీతకాలాంతమున కాకినాడ చెంతనున్న హోప్ దీవి మొదలగు తావుల నొడ్డునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, సుమారు నూఱు గ్రుడ్లు పెట్టును. ఇది నీట వసించునదే గాని చేపవలె నీట శ్వాసింపజాలదు. ఊపిరికై పైకి రావలయును. రొయ్యలకై మరపడవ యీడ్చు వల గంటలకొలది అడుగున సాగును. అందు జిక్కిన తాబేలు ఊపిరాడక మరణించును. దానిని జంపవలెనని యెవ్వరును గోరరు. కోరకయే ఈ హత్య జరుగుచున్నది.

దీనికి విరుగుడు మొదట పండితులకు దోచినది కాదు. అమెరికాలోని జార్జియా తీరమున సింకీ బూన్ అను రొయ్యల వేటగాడు, 1960వ దశకపు చివర, తన వలను నింపివేయు జెల్లిచేపలను వెలికి ద్రోయుటకై వలలో ఏటవాలుగా కమ్ముల చట్రము నమర్చెను. రొయ్యలు కమ్ముల సందున దూఱి వెనుకసంచిని జేరును. పెద్దప్రాణి చట్రమునకు దగిలి, అచటి కంతగుండ వెలికి బోవును. పిమ్మట ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఈ యుపాయమునే తాబేళ్లకు వర్తింపజేసిరి. అదియే నేడు ‘టెడ్’ అని పిలువబడుచున్నది.

అమెరికా 1987లో దీనిని తన పడవలకు విధించి, 1989లో పరదేశపు రొయ్యలకును ఇట్టి నిబంధనమును శాసించెను. 1996లో అది మన దేశమునకును వ్యాపింపగా భారత, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండు దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థయందు వ్యాజ్యము వేసినవి. కూర్మరక్షణము ధర్మమే గాని, దానిని అమలుపఱచిన పక్షపాతరీతి న్యాయము గాదని 1998 అక్టోబరులో తీర్పు వెలువడెను.

మన చట్టము 1972 నాటిది. కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ మన పడవలకు దగిన చట్రమును గూడ నిర్మించెను. అయినను కంతగుండ రొయ్యయు జాఱునను భయముచే పెక్కుపడవలు దానిని గట్టుకొనలేదు. తుదకు 2019లో మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసికొనెను; చెఱువులలో బెంచిన రొయ్యకు ఆ యడ్డు కలుగలేదు.

ఆ భయమును పరిహసింపరాదు. ఒక దినపు నష్టము పేదయింట పస్తు. కావున ఆజ్ఞ చాలదు. ఒకే తావున చట్రము గల వలను, లేని వలను ఈడ్చి, రెంటి రాబడిని జాలరుల యెదుటనే తూచి చూపవలయును. లోటు తేలినచో దానిని ప్రభుత్వము భరింపవలయును.

పిల్లచేప తప్పించుకొనుటకై వల కన్నును పెద్దది చేయుట మనకు క్రొత్తగాదు. శ్రీకూర్మమున కూర్మమూర్తికి మ్రొక్కు జాతికి, కూర్మమునకు ఒక దారి విడుచుట భారమా? ఆ దారిని మొదట దెఱచినవాడు ఒక వేటగాడే యని మఱువకుందుము గాక!