బడి ఎవరిది? తల్లిదండ్రుల కమిటీల చరిత్ర

ఏ ప్రభుత్వ పాఠశాలలోనైనా ప్రధానోపాధ్యాయుని బీరువాలో హాజరు పట్టీల పక్కన ఒక తీర్మానాల పుస్తకం ఉంటుంది. పాఠశాల యాజమాన్య కమిటీ ఎప్పుడు సమావేశమైంది, ఏం నిర్ణయించింది అన్నది అందులో రాసి, కింద సభ్యుల సంతకాలో వేలిముద్రలో తీసుకుంటారు. ఆ బడిలోనే ఏళ్ళ తరబడి చదివిన విద్యార్థుల్లో చాలామంది ఆ పుస్తకాన్ని చూసి ఉండరు. తమ తల్లో తండ్రో ఆ కమిటీలో సభ్యులన్న సంగతి తెలియని వారు కూడా ఉంటారు. బడి నడపడంలో తల్లిదండ్రులకు ఒకప్పుడు ఎలాంటి చోటు ఉండేది, అది ఎలా పోయింది, మళ్ళీ ఏ రూపంలో వచ్చింది అన్నది ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మనకు లెక్కలతో సహా దొరికే తొలి ఆధారాలు పందొమ్మిదో శతాబ్దం మొదటివి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ప్రెసిడెన్సీలోని కలెక్టర్లందరినీ బడుల వివరాలు పంపమన్నాడు. అవన్నీ చేరాక 1826లో ఆయన రాసిన మినిట్ ప్రకారం ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. అప్పటి జనాభా సుమారు 1 కోటి 28 లక్షలు. అంటే ఇంచుమించు వెయ్యి మందికి ఒక బడి. వీటిని సర్కారు పెట్టలేదు. ఊళ్ళో వాళ్ళే పంతులును కుదుర్చుకునేవారు, పిల్లల తల్లిదండ్రులే జీతం ఇచ్చేవారు. పంతుళ్ళ ఆదాయం నెలకు ఆరేడు రూపాయలకు మించదని మన్రో రాశాడు.

కలెక్టర్ల జవాబుల్లో బాగా వివరమైనది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక. తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. జిల్లాలో మొత్తం 533 బడులు ఉండగా వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పిల్లవాడికి ఐదేళ్ళు రాగానే తల్లిదండ్రులు పంతులుకు కబురు పెట్టడం, బడిపిల్లలందరూ చేరగా వినాయకుని ఎదుట బియ్యంలో వేలు పట్టి అక్షరాలు దిద్దించడం ఆయన వర్ణించాడు. మనం ఇప్పటికీ చేసే అక్షరాభ్యాసమే అది. ఆ రోజు నుంచి పంతులుకు, ఆ ఇంటికి నేరుగా ఒక ఒప్పందం ఉన్నట్టే. పంతులు సరిగా చెప్పకపోతే అడగవలసిన వాడు తండ్రే, జీతం ఆపగలిగిన వాడూ తండ్రే.

1983లో చరిత్రకారుడు ధరంపాల్ ఈ పత్రాలను పుస్తకంగా వేశాక, ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పేవారు ఎక్కువయ్యారు. ఆ మాట సగమే నిజం. క్యాంప్‌బెల్ లెక్కలో బళ్ళారి జిల్లా విద్యార్థులు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. జనాభా తొమ్మిది లక్షలకు పైన ఉన్న జిల్లాలో చదివేవారు ఇంతే. నేత పని దెబ్బతిని, దేశం క్రమంగా పేదదై, చాలామంది తల్లిదండ్రులు బడి ఖర్చు భరించలేకపోతున్నారని ఆయనే రాశాడు. జీతం ఇవ్వగలిగిన వాడికి మాట చెల్లేది. ఇవ్వలేని వాడికి బడే లేదు. ఈ విషయాన్ని గుర్తుంచుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

1854 నాటి వుడ్ డిస్పాచ్‌తో గ్రాంటు పద్ధతి వచ్చింది. స్థానిక యాజమాన్యం సక్రమంగా ఉండి, తనిఖీకి ఒప్పుకుని, ఎంతో కొంత ఫీజు వసూలు చేసే బడికి ప్రభుత్వం సాయం చేస్తుంది. ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, ఎందరు గట్టెక్కితే అంత గ్రాంటు రాస్తాడు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో మొత్తం కథకు మలుపు ఇదే. అంతవరకు ఊరి వైపు చూసిన పంతులు అప్పటి నుంచి ఇన్‌స్పెక్టరు గుర్రం వచ్చే దారి వైపు చూడడం మొదలుపెట్టాడు. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం తర్వాత తాలూకా బోర్డులు బడులు నడిపాయి. కాలక్రమంలో పంతులు ఉద్యోగి అయ్యాడు, జీతం ఖజానా నుంచి వచ్చింది, బదిలీ ఉత్తర్వు పట్నం నుంచి వచ్చింది.

ఈ మార్పు వల్ల మేలు జరగలేదని అనడానికి వీల్లేదు. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకు, వీధిబడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు, ఆడపిల్లలకు బడి తలుపు తెరుచుకున్నది ప్రభుత్వ బడి వల్లనే. కాని అదే సమయంలో తండ్రి చేతిలోని ఆ కాస్త అధికారం జారిపోయింది. బడి ఊళ్ళో ఉన్నా ఊరిది కాకుండా పోయింది. స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం ఇదే పరిస్థితి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడి ప్రాథమిక పాఠశాలలను చేతిలోకి తీసుకున్నాయి. దానితో బడి మీద అధికారం జిల్లా కేంద్రం నుంచి సమితి ఆఫీసుకు దిగింది గానీ, పిల్లల తల్లిదండ్రుల దాకా రాలేదు. బడికి, ఊరికి సంబంధం ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిన మాటలు చాలావరకు కాగితం మీదే నిలిచాయి.

1986 జాతీయ విద్యావిధానం, 1992 నాటి దాని కార్యాచరణ పథకం గ్రామ విద్యా కమిటీల ప్రస్తావన తెచ్చాయి. అదే 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను చేర్చింది. ఆ ఏడాదే రాజస్థాన్‌లో లోక్ జుంబిష్ అనే కార్యక్రమం మొదలైంది. విద్యాశాఖ కార్యదర్శిగా పనిచేసిన అనిల్ బోర్డియా దాని వెనుక ఉన్నారు. అక్కడ ముందు కమిటీ వేసి తర్వాత పని చెప్పలేదు. ఊరివాళ్ళే తమ ఊరి పటం గీసి, ఇంటింటికీ తిరిగి ఏ ఇంట్లో ఎవరు బడికి వెళ్తున్నారు, ఎవరు వెళ్ళడం లేదు అన్నది గుర్తు పెట్టేవారు. అందరి ఎదుట ఆ పటం పరిచినప్పుడు ఫలానా ఇంటి ఆడపిల్ల మేకల వెంట ఎందుకు పోతోందన్న ప్రశ్న ఊరి ప్రశ్న అవుతుంది. బడి అవసరాన్ని లెక్కగట్టిన వాళ్ళే బడి బాగోగులు అడగగలరన్నది అక్కడి ఆలోచన.

మన దగ్గర ఇది చట్టం రూపంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో సాగునీటి సంఘాల చట్టం చేసింది. మరుసటి ఏడాది, 1998లో, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్య చట్టం చేసింది. ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రులు ఎన్నుకున్న విద్యా కమిటీ, దానికి ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరు. కాలువ నీళ్ళకు రైతుల సంఘం ఎలాగో, బడికి తల్లిదండ్రుల కమిటీ అలాగన్న మాట. ఆ రోజుల్లో తరగతి గదుల నిర్మాణం పెద్ద ఎత్తున సాగింది, ఆ పనులు ఈ కమిటీల చేతికి వచ్చాయి. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ కూడా ఇలాంటి కమిటీల ద్వారానే డబ్బు ఖర్చు పెట్టించింది. బడికి ఏడాదికి 2,000 రూపాయలు, టీచరుకు 500 రూపాయలు, మరమ్మతులకు 5,000 రూపాయల వరకు.

గోడలు లేచాయి, అది నిజమైన లాభం. అయితే సిమెంటు, ఇసుక లెక్కలు ఉన్న చోట ఊళ్ళోని పాత పెత్తనం కూడా వచ్చి చేరుతుంది. కమిటీ చైర్మన్ పదవికి పోటీ పెరగడానికి చదువు మీద ప్రేమ ఒక్కటే కారణం కాదని ఊళ్ళ సంగతి తెలిసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. ఎన్నికైన సభ్యురాలు ఇంట్లో ఉంటే ఆమె భర్త వచ్చి కుర్చీలో కూర్చోవడమూ మనం చూస్తున్నదే. ఇక ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి వాచకం చదవగలడా లేదా అన్న ప్రశ్న సమావేశాల్లో వచ్చేది బహు అరుదు.

ఈ ప్రశ్నకు సంబంధించి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో జరిగిన పరిశోధన ఒకటి తెలుసుకోదగినది. అభిజిత్ బెనర్జీ, రుక్మిణీ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 280 గ్రామాల్లో దీన్ని జరిపి 2010లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి గ్రామ విద్యా కమిటీలో గ్రామ ప్రధాన్, ప్రధానోపాధ్యాయుడు, ముగ్గురు తల్లిదండ్రులు సభ్యులు. పరిశోధకులు అడిగి చూస్తే పది మందిలో తొమ్మిది మందికి పైగా అలాంటి కమిటీ ఒకటి ఉందనే తెలియదు. కమిటీ సభ్యుల్లోనే దాదాపు నాలుగో వంతు మందికి తాము సభ్యులమని తెలియదు! ఊరూరా సమావేశాలు పెట్టి కమిటీ హక్కులేమిటో వివరించారు. ఊరి పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో ఊరివాళ్ళ చేతనే పరీక్షింపజేశారు. అయినా కమిటీలు బడి మీద చర్య తీసుకోవడంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాని కొన్ని ఊళ్ళలో యువకులకు చదవడం నేర్పే పద్ధతిలో శిక్షణ ఇస్తే, వారు సాయంత్రం పెట్టిన తరగతులకు వచ్చిన పిల్లలు చదవడంలో ముందుకు వెళ్ళారు. దీన్ని బట్టి కమిటీలు దండగ అని తేల్చేవారు ఉన్నారు. నేను అలా చూడను. చేతిలో ఏ అధికారమూ లేకుండా కేవలం సమాచారం ఇచ్చి, ఉద్యోగస్తుడైన టీచరును నిలదీయమంటే కూలికి పోయే తండ్రి నిలదీయలేడు. ఆ అధ్యయనం చూపించింది ఈ సంగతినే అని నా అభిప్రాయం.

అధికారం నిజంగా ఇచ్చిన చోటు నాగాలాండ్. అక్కడ 2002లో చేసిన చట్టం ప్రకారం ప్రాథమిక బడుల నిర్వహణను ఊరి కమిటీలకు అప్పగించారు. టీచర్ల జీతం డబ్బు ముందుగా కమిటీ ఖాతాలో పడుతుంది. పని చేయని రోజుకు జీతం లేదు, అలా మిగిలిన సొమ్మును బడికే వాడుకోవచ్చు. ఈ ప్రయోగానికి 2008లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం లభించింది. అయితే నాగా గ్రామాలకు తరతరాలుగా బలమైన గ్రామసభలు ఉన్నాయన్నది మరిచిపోకూడదు. ఊరే నాలుగు ముక్కలుగా చీలి ఉన్న చోట టీచరు జీతాన్ని ఊరి చేతికిస్తే ఏమవుతుందో, ఆ టీచరు దళితుడైతేనో ఒంటరి స్త్రీ అయితేనో ఏమవుతుందో ఆలోచించవలసిందే.

పొరుగున ఉన్న నేపాల్ చరిత్ర కూడా ఇలాంటి మలుపులే తిరిగింది. ఊళ్ళు కట్టుకున్న బడులను అక్కడి ప్రభుత్వం 1971 నాటి విద్యా ప్రణాళికతో తన అధీనంలోకి తీసుకుంది. ముప్పై ఏళ్ళకు, 2001లో, విద్యా చట్టాన్ని సవరించి తల్లిదండ్రులతో కూడిన కమిటీలకు మళ్ళీ అధికారాలు ఇచ్చింది.

మన దేశమంతటికీ వర్తించే నియమం 2009 నాటి విద్యాహక్కు చట్టంతో వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియమాల్లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకునే పద్ధతి పెట్టారు. ఐదు తరగతుల బడికి పదిహేను మంది అవుతారు. వారికి తోడు వార్డు మెంబరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త వంటి వారు, కన్వీనరుగా ప్రధానోపాధ్యాయుడు. తరగతి వారీ ఎన్నిక అన్నది చిన్న ఏర్పాటే అయినా మంచిది. ఊరంతటికీ ఒకే ఎన్నిక అయితే ఊరి పెద్దే గెలుస్తాడు. మూడో తరగతి పిల్లల తల్లిదండ్రులే కూర్చుంటే పత్తి చేలో కూలికి వెళ్ళే తల్లికి కూడా అవకాశం ఉంటుంది.

కమిటీ చేయవలసిన పనులను కూడా చట్టమే చెప్పింది. బడి పనితీరు చూడడం, గ్రాంటు ఖర్చు పరిశీలించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం నెలకు ఒకసారైనా సమావేశం కావాలి, అధ్యక్షత తల్లిదండ్రుల్లో ఒకరిదే కావాలి, మూడేళ్ళ ప్రణాళికను ఏడాది వారీగా విడగొట్టి రాయాలి. 2012 సవరణతో ఎయిడెడ్ బడుల్లో ఈ కమిటీ పాత్ర సలహాకు పరిమితమైంది. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు 21వ సెక్షన్ మొదటి నుంచీ వర్తించదు. ఫీజు కట్టే తండ్రికి కమిటీలో కుర్చీ లేదు, ఫీజు కట్టనక్కరలేని తండ్రికి ఉంది. బళ్ళారి నాటి పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

రాష్ట్ర విభజన తర్వాత కూడా రెండు తెలుగు రాష్ట్రాల్లో కమిటీలు కొనసాగాయి. 2019లో మొదలైన నాడు-నేడు పనులు ఆంధ్రప్రదేశ్‌లో తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగాయి. తెలంగాణలో 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మరమ్మతులు అప్పగించారు. రెండు చోట్లా మొదటి పని మళ్ళీ కట్టడాలే కావడం గమనించండి.

సమావేశంలో తీసుకున్న నిర్ణయాలు ప్రజలకు అందుబాటులో ఉండాలని కూడా నమూనా నియమాలు చెబుతున్నాయి. కాబట్టి ఈ పాఠానికి అభ్యాసంగా మీ ఊరి బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుని అనుమతి అడిగి, తీర్మానాల పుస్తకంలో గత ఏడాది పేజీలు చదవండి. ఎన్ని సమావేశాలు జరిగాయి, స్త్రీ సభ్యుల్లో ఎందరు స్వయంగా సంతకం చేశారు, భవనం గురించి ఎన్ని తీర్మానాలు, పిల్లల చదువు గురించి ఎన్ని అన్నది లెక్క రాయండి. ఆ తర్వాత కమిటీలోని ఒక తల్లిని కలిసి, చివరి సమావేశంలో ఆమె ఏం మాట్లాడిందో అడిగి తెలుసుకోండి. ఆమె మాటకు, పుస్తకంలో రాసిన దానికి తేడా కనిపిస్తే ఆ రెంటినీ పక్కపక్కన రాసి తరగతిలో చర్చించండి.