చీజ్ పిజ్జాలో గేదె పాలు

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ఒక పిజ్జా కొట్టు పనితనం తేలాలంటే ఉత్త చీజ్ పిజ్జానే తెప్పించుకోవాలి. చికెన్ ముక్కలు, మొక్కజొన్న గింజలు, మసాలా పడ్డాయంటే లోపాలు వాటి కింద దాక్కుంటాయి. ఉత్త చీజ్ పిజ్జాలో ఉండేవి రొట్టె, టమాటా సాస్, చీజ్, అంతే. ఖరీదైనదీ, మోసానికి వీలున్నదీ చీజే. మార్కులు వేసే ముందు దాని చరిత్ర తెలిస్తే మంచిది.

ఇటలీలోని నేపుల్స్‌కు 1889లో రాణి మార్గరీటా వచ్చినప్పుడు రఫాయెల్ ఎస్పొసీతో అనే వంటవాడు టమాటా, మోజరెల్లా చీజ్ వేసి చేసిన పిజ్జాకు ఆమె పేరే స్థిరపడిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతం గేదెలకు పేరుపడింది. పాలను విరగనిచ్చి, ఆ ముద్దను మరిగే వేడి నీళ్లలో సాగదీసి, ఉండలుగా తెంపితే మోజరెల్లా అవుతుంది. కంపానియా గేదె పాల మోజరెల్లాకు 1996లో యూరప్‌లో ప్రాంతపు పేరుతో చట్టరక్షణ వచ్చింది.

గేదెలు, పల్లపు నేల, పచ్చిగడ్డి ఏలూరు దగ్గరి కొల్లేరు సరస్సు సీమకూ ఉన్నాయి. ఎండాకాలం నీరు తీసిన చెరువు గడ్డిలో లంక గ్రామాల వాళ్లు గేదెలను మేపుకునేవారు. పాలు పెరుగై, వెన్నై, నెయ్యయ్యేవి. ఈనిన గేదె ముర్రుపాలలో బెల్లం కరిగించి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, ఆవిరి మీద ఉడికిస్తే జున్ను తయారు. గిన్నెలో కత్తితో గాటు పెడితే ముక్కలు వణుకుతూ విడివడతాయి.

అంత పాడి ఉన్నా ఇక్కడ మోజరెల్లా ఎందుకు పుట్టలేదు? అందుకు పాలను గట్టిపరిచే రెన్నెట్ కావాలి. పూర్వం దాన్ని దూడ పొట్టలోంచి తీసేవారు. మజ్జిగ చుక్కతో తోడుపెట్టే ఇళ్లకు ఆ దారి పట్టలేదు.

దేశంలో చీజ్ కథకు మలుపు గుజరాత్‌లోని ఆనంద్‌లో వచ్చింది. గేదె పాలతో పాలపొడి కుదరదని విదేశీ నిపుణులు అంటున్నప్పుడు అక్కడి డెయిరీ నిపుణుడు హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో అక్కడి కర్మాగారాన్ని నెహ్రూ ప్రారంభించారు. కొన్నేళ్లకే గేదె పాలతో అమూల్ చీజ్ కూడా వచ్చింది. తర్వాత సూక్ష్మజీవుల నుంచి తీసే రెన్నెట్ అందుబాటులోకి రావడంతో శాకాహారుల అభ్యంతరమూ తీరింది.

1996లో డొమినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో తొలి దుకాణాలు తెరిచాయి. తెలుగు నాట ముందు హైదరాబాదు, తర్వాత జిల్లా పట్టణాలు పిజ్జా రుచి మరిగాయి. ఉల్లి మార్కెట్‌కు పేరుపడిన తాడేపల్లిగూడేనికి 2015లో ఎన్‌ఐటీ వచ్చింది. దాంతో పలు రాష్ట్రాల విద్యార్థులు ఆ ఊరికి చేరారు. చిన్న పట్టణాల్లో విద్యుత్ ఒవెన్ ఒకటి, ఫ్రీజర్ ఒకటి ఉంటే చాలు, పిజ్జా కొట్టు నడుస్తుంది.

ఆ ఫ్రీజర్‌లో ఏముందన్నదే అసలు ప్రశ్న. పాల కొవ్వుకు బదులు పామాయిల్ వంటి నూనె వాడి చేసే అనలాగ్ కూడా చీజ్‌లాగే సాగుతుంది, పైగా చవక. పాలు కాని కొవ్వు వాడితే దాన్ని చీజ్ అనకూడదు, అనలాగ్ అని రాయాలన్నది ఆహార భద్రతా నిబంధన. ఏలూరు పక్కనే పెదవేగిలో 1995లో ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం వెలిసింది, చుట్టుపక్కల మెట్టలో తోటలు పెరిగాయి. అంటే చీజ్‌కు కావలసిన పాలూ, అనలాగ్‌కు వాడే నూనే ఒకే జిల్లాలో దొరుకుతున్నాయి. ఆయిల్ పామ్ రైతు కష్టాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. నూనెను చీజ్ పేరుతో అమ్మడమే తప్పు.

మార్కులు వేసేవాళ్లు మొదటి ముక్క వేడిగా తిని, రెండోది చల్లారనివ్వాలి. వేడి మీద సాగడం ఒక్కటే చాలదు, పాల కమ్మదనం తెలియాలి. చల్లారాక నాలుక మీద జిడ్డు పొర పేరుకుంటే అనుమానించాల్సిందే. అయినా నాలుకే సాక్ష్యం కాదు. కొట్టువాణ్ణి చీజ్ ప్యాకెట్ చూపించమని అడిగే హక్కు కొనేవాడికుంది. అడగగానే తెచ్చి చూపించే కొట్టుకు రుచితో పాటు ఇంకో రెండు మార్కులు కలపొచ్చు.