బైపాలియం క్యూవెన్సే

బైపాలియం క్యూవెన్సే నేలమీద బతికే బల్లపరుపు పురుగు. ప్లాటిహెల్మింథిస్ వర్గం, జియోప్లానిడే కుటుంబం. బడి పుస్తకాల్లో కనిపించే నీటి ప్లనేరియాకు చుట్టం. పుట్టిల్లు ఆగ్నేయాసియా. అక్కణ్ణించి కుండీ మొక్కల మట్టిలో చేరి భారత్ సహా ఎన్నో వెచ్చని దేశాలకు వ్యాపించింది. ఇది మొదట శాస్త్రజ్ఞుల కంటబడింది కూడా లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో, విదేశీ మొక్కలు పెంచే వేడి గాజుగదిలో. 1878లో దీన్ని వర్ణించిన హెచ్.ఎన్. మోస్లీ అంతకుముందే సింహళం (ఇప్పటి శ్రీలంక)లోని నేల ప్లనేరియాల శరీర నిర్మాణాన్ని పరిశీలించినవాడు.

సాగినప్పుడు 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. తల నెలవంకలా విచ్చుకుని ఉంటుంది. లేత గోధుమరంగు వీపు మీద నిలువునా ఐదు ముదురు చారలు. ఊపిరితిత్తులు, రక్తనాళాలు లేవు. తడి చర్మమే గాలి పీల్చుకుంటుంది. పాము పిల్లనో జలగనో అనుకుని జనం హడలిపోతారు గానీ ఇది కరవదు, రక్తం తాగదు.

దీని తిండి వానపాము. జాడ పట్టి వెళ్ళి, మీద పడి, జిగురుతో అంటిపెట్టుకుంటుంది. నోరు తలలో ఉండదు, పొట్ట మధ్యలో ఉంటుంది. అందులోంచి తెల్లటి గొట్టం బయటికి చాచి జీర్ణరసం పోస్తుంది. వానపాము కండ కరిగాక పీల్చేస్తుంది. మిగిలిన వ్యర్థం పోవడానికీ ఆ నోరే దారి. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం దీనిలోనూ ఉన్నట్టు 2014లో తేలింది. నేలమీది వెన్నెముకలేని జీవుల్లో ఆ విషం బయటపడడం అదే మొదలు.

సంతతి ఎక్కువగా ముక్కలతోనే. తోక కొస మట్టిగడ్డకు అతుక్కుంటుంది, మిగతా ఒళ్ళు ముందుకు లాగుతుంది, కొస తెగిపోతుంది. తెగిన ముక్క వెంటనే పాకగలదు. పది రోజుల్లో తల మొలుస్తుంది. కాబట్టి పారతో నరికితే పని పెరుగుతుంది. ఉప్పో వెనిగరో పోస్తే చస్తుంది.

తేమ లేకపోతే దీని ఒళ్ళు ఎండిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే గోదావరిఖని, రామగుండం వంటి తెలంగాణ బొగ్గు గనుల పట్టణాల్లో బయటి నేల దీనికి చావే. రోజూ నీళ్ళు పడే నర్సరీ సంచుల అడుగు, క్వార్టర్ల పెరట్లో కుండీల కింది చెమ్మ, నల్లా కారే మూల మాత్రం ఇది బతకగల తావులు. అక్కడి బొగ్గు గనుల సంస్థ సింగరేణి, బొగ్గు కోసం పైమట్టి తవ్విపోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టల మీద మొక్కలు నాటుతుంది. ఆ రాతిమట్టి సారం పుంజుకోవాలంటే వానపాములు కావాలి, ఈ పురుగు తినేది వాటినే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వానపాములు పెంచే మడులకు ఈ పురుగు చీడగా పేరుపడింది. అందుకే బయటినుంచి తెచ్చిన మొక్క సంచిని వర్మీకంపోస్టు తొట్టి పక్కన పెట్టేముందు అడుగు తిప్పి చూడడం మంచిది.