చంద్రునిపై వ్యోమగాముల స్మారక శిల్పం: ‘ఫాలెన్ ఆస్ట్రోనాట్’

అమెరికా, సోవియట్ యూనియన్‌లకు చెందిన దివంగత వ్యోమగాముల స్మృత్యర్థం చంద్రతలంపై ఉంచబడిన అల్యూమినియం ప్రతిమ ‘ఫాలెన్ ఆస్ట్రోనాట్’. నేలకొరిగిన వ్యోమగామి అని దీని భావం. సుమారు 8.5 సెంటీమీటర్ల పొడవు గల ఈ ప్రతిమను బెల్జియం కళాకారుడు పాల్ వాన్ హోయ్‌డోంక్ రూపొందించారు. అపోలో-15 దళనాయకుడు డేవిడ్ స్కాట్ 1971 ఆగస్టులో దీనిని హాడ్లీ లోయ సమీపాన ఉంచారు.

రూపకల్పన నిబంధనలు

ప్రతిమ తేలికగాను, దృఢంగాను ఉండవలెనని నిర్ణయించడం జరిగింది. చంద్రతలంపై పగటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. రాత్రివేళ సున్నాకు 100 డిగ్రీలకు పైగా దిగువకు పడిపోతుంది. ఈ తీవ్రమైన మార్పులను తట్టుకొనగల లోహం అవసరమైనది. స్త్రీ పురుష భేదం గాని, ఏ జాతికి చెందినదన్న ఆనవాలు గాని కనిపించరాదన్నది మరొక నిబంధన. ఆ కారణంగా ముఖకవళికలు లేని, అంతరిక్ష దుస్తులు ధరించిన మానవాకృతిగా ప్రతిమ రూపుదిద్దుకొన్నది.

పద్నాలుగు పేర్లు

ప్రతిమ చెంతనే ఒక ఫలకాన్ని ఉంచారు. దానిపై ఎనిమిది మంది అమెరికా, ఆరుగురు సోవియట్ వ్యోమగాముల పేర్లు, దేశ భేదం లేకుండా, ఆంగ్ల అక్షర క్రమంలో ఉన్నాయి. యూరి గగారిన్, వ్లదిమిర్ కొమరోవ్, గస్ గ్రిసమ్, ఎడ్వర్డ్ వైట్ వీరిలో ప్రముఖులు. అపోలో-15 ప్రయోగానికి నెల రోజుల లోపే, 1971 జూన్ 30న, సోయుజ్-11 ప్రమాదంలో మరణించిన ముగ్గురి పేర్లు కూడా ఇందులో చేరాయి. ఉభయ దేశాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న కాలంలో ఇది విశేషం.

అయితే జాబితా సంపూర్ణం కాదు. 1961లో శిక్షణ సమయంలో అగ్నిప్రమాదానికి గురై మరణించిన వాలెంటిన్ బొందరెంకో పేరు అందులో లేదు. సోవియట్ ప్రభుత్వం ఆ మరణాన్ని గోప్యంగా ఉంచింది. 1986లో గాని ఆ వివరాలు స్వదేశంలో బహిరంగం కాలేదు.

నకళ్ల వివాదం

ప్రతిమను ఉంచిన విషయాన్ని వ్యోమగాములు యాత్రానంతరం పాత్రికేయుల సమావేశంలో వెల్లడించారు. 1972లో దీని నకలు ఒకటి స్మిత్సోనియన్ సంస్థకు అందజేయబడింది. అదే సంవత్సరం ఒక న్యూయార్క్ కళాప్రదర్శనశాల, శిల్పి సంతకంతో కూడిన 950 నకళ్లను ఒక్కొక్కటి 750 డాలర్లకు విక్రయించనున్నట్లు ప్రకటించింది. స్మారక చిహ్నాన్ని వాణిజ్యానికి వినియోగించరాదన్నది తమ ఒప్పందమని స్కాట్ అభ్యంతరం తెలిపారు. నాసా సైతం వ్యతిరేకించడంతో ఆ యోచన విరమించబడింది.

శిల్పి వాదన వేరు. ప్రతిమ సమస్త మానవాళికి ప్రతీకగా నిటారుగా నిలబడవలెనని తాను ఉద్దేశించానని, దానిని నేలపై పరుండబెట్టడం గాని, ‘ఫాలెన్’ అన్న పేరు గాని తన ఆలోచన కాదని ఆయన పేర్కొన్నారు. ఒకే ప్రతిమ ఇచ్చినవారికి సంస్మరణ చిహ్నంగా, చేసినవారికి ఆశాజ్యోతిగా గోచరించడమే ఈ వివాదానికి మూలం. అంతరిక్షానికి పంపు కళాఖండం విషయమున పరిమాణం, లోహములతో పాటు దాని ఉద్దేశం, పేరు, నకళ్లపై హక్కు సైతం ముందుగానే స్పష్టపరచుకొనవలసిన ఆవశ్యకతను ఈ ఉదంతం తెలియజేస్తున్నది.