ప్రార్థనాశాలువ – నీలిదారము

నెల్లూరు మండలమున పూర్వము నీలిమందు విరివిగా చేయుచుండిరి. ఆ నీలికిని, యూదులు ప్రార్థనవేళ కప్పుకొను ‘తల్లిత్’ అను శాలువకును చిత్రమైన సంబంధము కలదు.

ఈ శాలువ నేతలో ఉన్నిని అవిసెనారతో కలుపరాదు. నాలుగు మూలలందును కుచ్చులుండును. ఒక్కొక్క మూల రంధ్రమున నాలుగు దారములు దూర్చి, ఎనిమిది పోగులుగా మడచి, ఐదు ముడులు వేయుదురు. అందు నీలిదారము కలుపవలెనని వారి ధర్మశాస్త్రవిధి. ఆ నీలము సముద్రపు నత్తనుండి తీసినదై యుండవలెను. చెట్టునీలి చూపునకు అట్లే యున్నను పనికిరాదు.

కాలక్రమమున నత్తరంగు విద్య నశింపగా, తరతరములు తెల్లకుచ్చులే మిగిలినవి. 1980 దశకమున రసాయనజ్ఞులు నత్తద్రవమునకు ఎండ సోకించి ఆ నీలమును మరల సాధించిరి. పాతగ్రంథముల వర్ణనలు దారిచూపినవి. అది మన నీలిలోని పదార్థమే యని తేలినది!

1897లో కృత్రిమనీలి అంగడికి రాగా మన నీలితొట్లును క్రమముగా ఎండినవి. వ్రాతయున్న విద్య మరల చిగిర్చును. పల్లెల చేతివిద్యలను వ్రాయించి దాచుట గ్రంథాలయధర్మము.