పులికాట్‌లో ఫ్లెమింగోలు చూడాలా? తక్కువ ధరలో బైనాక్యులర్, స్కోప్ కొనే ముందు ఇవి తెలుసుకోండి

చలికాలం వచ్చిందంటే చాలు.. సూళ్లూరుపేట దారి పట్టే కార్లు, బైక్‌లు పెరిగిపోతాయి. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టులో పెలికాన్లు.. రెండూ ఒక్క రోజులో చూసి రావొచ్చు. కానీ చాలామంది నిరాశగా తిరిగొస్తారు. కారణం ఒక్కటే. ఫ్లెమింగోలు రోడ్డు పక్కన నిలబడవు. నీళ్లలో ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా కనిపిస్తాయి. ఫోన్‌లో జూమ్ చేస్తే చుక్కలే వస్తాయి.

అందుకే ట్రిప్‌కు ముందు ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి కొనేస్తుంటారు. '40×60', '80×100' అంటూ వచ్చే యాడ్స్ చూసి మోసపోయేవారూ ఉన్నారు. .22 రైఫిల్స్‌కు వాడే చవక స్కోప్ తెప్పించుకుని, అదే దుర్భిణి అనుకునేవారూ ఉన్నారు. మరి డబ్బు వృథా కాకుండా ఏది కొనాలి? వివరంగా చూద్దాం.

ఎక్కడ ఏం కనిపిస్తుంది?

పులికాట్.. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్య శ్రీహరికోట దీవి ఉంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఈ సరస్సు మధ్యలో నుంచే వెళ్తుంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022లో జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

నేలపట్టు పక్షుల కేంద్రం దొరవారిసత్రం మండలంలో, నెల్లూరు-చెన్నై జాతీయ రహదారికి దగ్గర్లో ఉంది. గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఇక్కడి చెరువులో, నీళ్లలో నిలబడ్డ చెట్లపై గూళ్లు కట్టుకుంటాయి. సుమారుగా అక్టోబర్ నుంచి మార్చి వరకు సీజన్.

తేడా గమనించండి. నేలపట్టులో గూళ్లు కాస్త దగ్గరగానే కనిపిస్తాయి. అక్కడ బైనాక్యులర్ చాలు. పులికాట్‌లో మాత్రం దూరం ఎక్కువ. స్కోప్ అవసరం అక్కడే వస్తుంది.

8×42 అంటే ఏంటి?

ప్రతి బైనాక్యులర్ మీద ఇలాంటి రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. 8 అంటే 400 మీటర్ల దూరంలోని పక్షి 50 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇది ఎక్కువ ఉంటే వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది.

రెండో నంబర్‌ను మొదటి నంబర్‌తో భాగించండి. 42ను 8తో భాగిస్తే 5.25. అంటే కంటి దగ్గరికి 5.25 మిల్లీమీటర్ల వెడల్పుతో వెలుగు వస్తుందన్నమాట. 10×25 అయితే 2.5 మాత్రమే. మధ్యాహ్నం ఎండలో కంటిపాప చిన్నగా ఉంటుంది కాబట్టి 2.5 అయినా సరిపోతుంది. తెల్లవారుజామున, సాయంత్రం కంటిపాప పెద్దదవుతుంది. పక్షులు చురుగ్గా ఉండేది అప్పుడే. ఆ టైంలో చిన్న బైనాక్యులర్‌లో అంతా మసకగా కనిపిస్తుంది.

ఎక్కువ జూమ్ ఉంటే మంచిదేగా?

కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. జూమ్ పెరిగితే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరిగి కనిపిస్తుంది. 10 రెట్లు దాటితే చేత్తో పట్టుకుని స్థిరంగా చూడటం కష్టం. పైగా చూసే ప్రాంతం చిన్నదైపోతుంది. ఎగిరే పక్షిని వెతికి పట్టుకునేలోపే అది వెళ్లిపోతుంది.

ఇంకో సమస్య వేడి. ఎండ ముదిరాక నీళ్ల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా పక్షి వణుకుతున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి ఉదయం 9 లోపు చూడటం బెస్ట్.

తక్కువ బడ్జెట్‌లో ఏది బెటర్?

మొదటిసారి కొనేవారికి 8×42 లేదా 8×40 సరైన ఎంపిక. పిల్లలకు, బరువు మోయలేని పెద్దవాళ్లకు 8×32 తీసుకోవచ్చు. కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

* పోర్రో మోడల్: ముందు లెన్స్‌లు దూరంగా, కంటి గొట్టాలు దగ్గరగా ఉండే పాత తరహా డిజైన్. తయారీ ఖర్చు తక్కువ. అదే ధరకు దొరికే నిటారు గొట్టాల రూఫ్ మోడల్ కంటే సాధారణంగా బొమ్మ బాగుంటుంది. కాకపోతే సైజు పెద్దది, వానకు తట్టుకునేవి తక్కువ.

* ప్రిజం: 'బీఏకే4' అని రాసి ఉంటే మేలు. 'బీకే7' అయితే అంచుల్లో కాస్త చీకటి పడుతుంది.

* కోటింగ్: 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అని ఉండాలి. ఉత్త 'కోటెడ్' అంటే నాసిరకం. ఎర్రగా మెరిసే లెన్స్‌లు చూడ్డానికి స్టైల్‌గా ఉంటాయి కానీ రంగులు మార్చేస్తాయి. ఫ్లెమింగో గులాబీ రంగే చూడలేకపోతే ఇక లాభమేంటి?

* కళ్లద్దాలు ఉన్నవారికి: 'ఐ రిలీఫ్' కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. లేదంటే మధ్యలో చిన్న వృత్తమే కనిపిస్తుంది.

నంబర్ నిజమా, అబద్ధమా? ఇలా చెక్ చేయండి

బైనాక్యులర్‌ను చేయి చాచి పట్టుకుని వెలుతురు వైపు తిప్పండి. సూర్యుడి వైపు మాత్రం వద్దు. కంటి లెన్స్‌లో చిన్న తెల్లటి వృత్తం కనిపిస్తుంది. నిజంగా 40×60 అయితే ఆ వృత్తం 1.5 మిల్లీమీటర్లే ఉండాలి. అంతకంటే బాగా పెద్దగా ఉంటే జూమ్ నంబర్ ఉత్తుత్తిదే. వృత్తం గుండ్రంగా కాకుండా చదరంగా కనిపిస్తే ప్రిజం నాసిరకం.

తర్వాత దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. ఒక్క తీగ రెండుగా కనిపించినా, నిమిషంలోనే కళ్లు లాగినా రెండు గొట్టాలూ ఒకే వరుసలో లేవని అర్థం. వెంటనే రిటర్న్ పెట్టేయండి.

రైఫిల్ స్కోప్ పనికొస్తుందా?

చవకగా దొరికే 4×32, 3-9×40 స్కోప్‌లతో పక్షులు చూడొచ్చా అంటే.. పెద్దగా ఉపయోగం లేదు. .22 రిమ్‌ఫైర్ స్కోప్‌లను ఎక్కువగా 50 గజాల దూరానికి సరిచేసి తయారు చేస్తారు. కన్ను మూడు, నాలుగు అంగుళాలు వెనక్కి పెట్టి చూడాలి. చేత్తో పట్టుకుంటే ఆ దూరం కుదరదు, బొమ్మ నల్లబడిపోతుంది. మధ్యలో గీతలు కూడా అడ్డమే.

అసలు 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో తుపాకీపై టెలిస్కోప్ సైట్‌కు అనుమతే లేదు. గురి ఎక్కడ తగిలిందో చూడ్డానికి పక్కన స్టాండ్‌పై విడిగా స్పాటింగ్ స్కోప్ పెట్టుకోవడం షూటర్లకు ఎప్పటి నుంచో అలవాటు. పులికాట్‌లో కావాల్సింది కూడా అదే. ఇక పక్షుల వేట సంగతి అంటారా.. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

స్పాటింగ్ స్కోప్ ఎవరికి?

తరచూ వెళ్లేవారు, స్కూల్ గ్రూపులు తీసుకోవచ్చు. 20-60×60 లాంటివి బిగినర్స్‌కు చాలు. అయితే ట్రైపాడ్ తప్పనిసరి. సరస్సు గాలికి తేలికపాటి ట్రైపాడ్ ఊగిపోతుంది. దానికి బ్యాగ్ వేలాడదీస్తే కాస్త నిలబడుతుంది. 60 రెట్ల జూమ్ ఉన్నా పులికాట్‌లో ఎక్కువగా వాడేది 20 నుంచి 30 వరకే. స్కోప్‌కు ఫోన్ తగిలించే అడాప్టర్ ఉంటే వీడియో కూడా తీసుకోవచ్చు.

ఉప్పుగాలితో జాగ్రత్త

తీరంలో తేమ ఎక్కువ. బీరువాలో నెలల తరబడి పెడితే లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో దాచుకోండి. ఉప్పు, ఇసుక ఉన్న లెన్స్‌ను చొక్కాతో తుడిస్తే గీతలు ఖాయం. ముందు గాలి ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి.

దగ్గరికి వెళ్లొద్దు.. ఎందుకంటే?

బైనాక్యులర్ లేనివాళ్లే బురదలో దిగి పక్షుల దగ్గరికి నడుస్తారు. గుంపు లేచిపోతుంది. ఫ్లెమింగోలకు మేత టైం పోతుంది. నేలపట్టులో అయితే ఇంకా ప్రమాదం. తల్లి పక్షి గూడు వదిలి లేస్తే గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువని ఇక్కడి రైతుల నమ్మకం. అందుకే వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు.

చివరగా ఓ చిట్కా. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి శ్రీహరికోట రోడ్డుపై నిలబడి ఉత్తరం వైపు చూస్తే వెలుతురు వెనక నుంచి పడి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఇంట్లో నలుగురుంటే నాలుగు బొమ్మ దుర్భిణులు కొనేకంటే, ఆ డబ్బుతో ఒక్క మంచి 8×42 కొని చేతులు మార్చుకోవడమే మేలు.